మూడు మీటలు కలిపి నొక్కితే

లిల్లేవోగ్,
డిసెంబరు 11, గురువారం.

చిట్టితల్లి రాన్‌వేగ్‌కి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా పిల్లీ బాగానే ఉన్నాం. నువ్వూ, ఆ దీవిలో వాతావరణ కేంద్రంలో నీతో ఉన్న పదిహేడుమందీ నలత లేకుండా ఉన్నారని తలుస్తాను. "బాగానే ఉన్నాం" అని రాశాక లేచి వెళ్ళి పొయ్యి కట్టేశానో లేదో చూసి వచ్చాను. కట్టేసే ఉంది. కాబట్టి ఆ మాట కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను.

నీ ఉత్తరం కిందటి విమానంలో వచ్చి నెల కావస్తోంది. రేపటి పడవకి ఇది పోస్టులో పడకపోతే నీకు క్రిస్మస్‌కి అందదని పక్కింటి బిర్గర్ హెచ్చరించాడు. అందుకే వంటింటి బల్ల మీద పిండి తుడిచేసి కూర్చున్నాను. కాగితం మీద మరకలు కనిపిస్తే ఏడ్చాననుకోకు, అది వెన్న. పండగకి చేసే ఏడు రకాల బిస్కట్లలో నాలుగు అయ్యాయి. అయిదోది మాడింది.

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. మేజోళ్ళ మడమ బిగుతుగా ఉందన్నావు. ఈ వయసులో నీ పాదం పెరగదు కాబట్టి నేనే కుట్లు తప్పాను. వేరే జత అల్లి పొట్లంలో పెట్టాను. బూడిద రంగు ఊలు అయిపోయి చివర్లో నీలం కలిపాను, లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. నిద్ర పడుతోందా అన్నావు. పడుతోంది, మధ్యలో లేచి పొగ వాసన ఉందేమో చూసుకుని మళ్ళీ పడుకుంటాను. అది నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నదే. అక్కడ గాలి ఎక్కువైనప్పుడు మీరు తాడు పట్టుకుని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్తారని రాశావు. అది రాయకుండా ఉండాల్సింది. ఇక్కడ గాలి వీచినప్పుడల్లా నాకు ఆ తాడే కనిపిస్తోంది.

నాన్న తింటున్నాడా అన్నావు. మెత్తగా ఉంటే అన్నీ తింటున్నాడు. బంగాళాదుంపలు పాలు పోసి చిదిమి పెడితే రెండోసారి కూడా పళ్ళెం జరుపుతాడు. మెడ మీద ఆపరేషను రంధ్రం చుట్టూ ఎర్రదనం తగ్గింది. నర్సమ్మ బుధవారాలు వచ్చి చూసి, "మెడకి శాలువా కట్టండి సోల్‌ఫ్రిడ్ గారూ, చల్లగాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని చెప్పి వెళ్తుంది. ఆ మాట ఆమె ఎందుకు చెప్పిందో ఏమో, ఇప్పుడు ఆయన తలుపు దాకా వెళ్ళినా శాలువా పట్టుకుని వెనకాలే పోతున్నాను.

నీ వంట తిని వాళ్ళందరూ కుర్చీలు జరిపి లేస్తూ "భోజనానికి థాంక్స్" అంటారనీ, అన్ని గొంతులు ఒక్కసారి వినబడితే మన ఇల్లు గుర్తొస్తుందనీ రాశావు. ఆ వాక్యం మీ నాన్నకి మూడుసార్లు చదివి వినిపించాను.

ఇక చివర్లో కింద గీత గీసి మరీ అడిగావు, నాన్న గొంతు సరిగ్గా పలుకుతోందా అని. ఆదివారం ఫోన్‌లో కూడా అదే అడిగావు. శుభ్రంగా పలుకుతోంది అన్నాను. అది అబద్ధం, తల్లీ. అప్పటికి మీ నాన్న గొంతు పోయి రెండు రోజులైంది. ఫోనేమో వంటింటి గోడకి, ఆయనేమో దాని కింద బెంచీ మీద. ఏం చెప్పను?

ఇప్పుడు పలుకుతోంది, ముందే చెప్పేస్తున్నాను, గుండె గాభరా పడకు. కానీ ఆ అయిదు రోజుల సంగతి మొదటినుంచీ చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

దానికి ముందు ఇంకోటి చెప్పాలి. కిందటి మార్చిలో గొంతు తీసేసే ఆపరేషనుకి నాలుగు రోజుల ముందు నువ్వు ఉతికిన దుప్పట్లన్నీ తీసి కిటికీలకు కట్టి, ఫ్రిజ్ ఆపేసి, పిల్లిని బయటికి తోసి మీ నాన్న మాటలు రికార్డు చేశావు. నేను ఆ రోజు నిన్ను తిట్టాను. మనిషి తిరిగొస్తాడో లేదో తెలియనప్పుడు ఈ ఆటలేమిటి, ఆ దుప్పట్లు నేల మీద ఈడుస్తున్నావు, ఫ్రిజ్‌లో చేప పాడైపోతుంది అన్నాను. నువ్వు మాత్రం "నాన్నా, ఇప్పుడు భోజనానికి థాంక్స్ అనే మాట" అన్నావు. ఆయనకి రాలేదు.

"తినకుండా థాంక్స్ ఎట్లా చెప్తానే? నోరు తిరగట్లా" అన్నాడు.

"ఊరికే అను నాన్నా, ఎవరూ చూడరు."

"వండినామె అక్కడ కూర్చుని చూస్తోంది కదా."

చివరికి నేను విసుక్కుంటూనే లేచి పాన్‌కేకు వేశాను. తిన్నాడు. మూతి తుడుచుకుని కుర్చీ వెనక్కి జరిపి, "భోజనానికి థాంక్స్, సోల్‌ఫ్రిడ్" అన్నాడు. జవాబుగా నా నోటి నుంచి కూడా "ఒంటబట్టాలి" అని వచ్చేసింది, అలవాటు కదా. నువ్వు నా మాట కత్తిరించావు గానీ కుర్చీ కిర్రుమనడం ఉంచావు. అలా ఇరవై రెండు మాటలు. కంప్యూటరులో ఒక్కో మాటకి మూడు మీటలు. కంట్రోలూ ఆల్టూ పట్టుకుని టి నొక్కితే థాంక్స్, కె నొక్కితే కాఫీ, జి నొక్కితే "ఏం కాదులే, సోల్‌ఫ్రిడ్". గొంతులో పెట్టే పరికరం ఆయనకి నప్పలేదు. పలక మీద రాద్దామంటే యాభై ఏళ్ళు చన్నీళ్ళలో గాలాలు లాగిన వేళ్ళు, రెండు మాటలకే పట్టేస్తాయి. ఆ రోజు నువ్వు నా తిట్లకి వెనక్కి తగ్గి ఉంటే ఈ ఇంట్లో ఇప్పుడు నా గొంతొక్కటే వినబడేది. నా గొంతు నాకే ఎంత విసుగో నీకు తెలుసు. దుప్పట్ల సంగతి మరిచిపో.

శుక్రవారం పొద్దున కంప్యూటరు పెట్టాక ఆయన గంజి తాగి టి నొక్కాడు. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. కె నొక్కాడు. అన్నీ నొక్కాడు. పెట్టె నిశ్శబ్దంగా ఉంది. నా వైపు చూశాడు. నేను గిన్నె తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాను.

అంతకుముందు ఆ మాట వినబడ్డప్పుడు నేను జవాబు చెప్పేదాన్ని కాదు. యంత్రానికి "ఒంటబట్టాలి" అని చెప్పడానికి సిగ్గేసేది. ఇప్పుడు అది కూడా లేకపోయేసరికి భోజనం ఎక్కడ అయిపోయిందో తెలియలేదు. తిన్నాక ఇద్దరం బల్ల దగ్గర అలాగే కూర్చుండిపోయాం. ఎవరు ముందు లేవాలో తెలియలేదు. యాభై ఒక్క ఏళ్ళుగా ఆయన ఆ మాట అన్నాకే నేను లేస్తాను.

శనివారం బిర్గర్‌ని పిలిచాను. పడవలతో మాట్లాడే తీరం రేడియోలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి దిగినా అతని నోరు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉందని మీ నాన్న అనేవాడు. మాట పోయిన మనిషీ, మాట ఆగని మనిషీ ఆ బెంచీ మీద పక్కపక్కనే కూర్చుంటే చూడాలి. వచ్చీ రాగానే, "ఏం హాల్వర్, నాకు ఎదురు చెప్పలేక ఈ పెట్టె కూడా పాడుచేసుకున్నావా?" అన్నాడు. మీ నాన్న పిడికిలి చూపించాడు.

బిర్గర్ ముందు కీబోర్డు తీగ లాగి వేరే కంతలో పెట్టాడు. తరువాత ఖాళీ కాగితంలాంటిది తెరిచి అక్షరాలన్నీ వరసగా కొట్టాడు. అన్నీ పడ్డాయి. రేడియో పెట్టాడు, పాట వినిపించింది.

"చేతులున్నాయి, నోరుంది. మధ్యలో ఎక్కడో తెగింది" అన్నాడు.

"కాలిపోదు కదా బిర్గర్? వాసనేం రావట్లేదు కదా?"

"వదినా, ముప్ఫై ఏళ్ళలో ఒక్క కీబోర్డు కూడా తగలబడ్డం చూళ్ళేదు నేను. నువ్వు బిస్కట్లు చూసుకో, అదిగో అవి కాలుతున్నాయి."

అయిదో రకం అప్పుడే మాడింది.

ఆదివారం అతను రాలేదు. నువ్వు ఫోన్ చేశావు. నేను నీతో అబద్ధం చెప్పాను. మీ నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

సోమవారం తన ఇంటి కీబోర్డు చంకలో పెట్టుకుని వచ్చాడు. అది తగిలించినా అంతే. అయినా తృప్తి లేక మనదాని మీటలన్నీ చాకు మొనతో ఊడదీసి పళ్ళెంలో పోశాడు. కింద పిల్లి వెంట్రుకలు, పిండి, ఏలకుల పొట్టు, ఒక గుండీ. ఆ గుండీ మీ నాన్న పండగ చొక్కాది, రెండేళ్ళుగా వెతుకుతున్నాను. మీటలు సబ్బు నీళ్ళలో కడిగి ఒక్కొక్కటే పాత పళ్ళ బ్రష్షుతో తోమాడు. తరువాత ఒక మీట అయిదుసార్లు టకటకా నొక్కితే పెట్టె కుయ్యిమంది. చేతులు వణికేవాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటుట, అది మనకి తెలియకుండా మొదలై అడ్డుపడుతోందేమోనని చూశాడు. అది కాదు. వేరే ఏదైనా ఆ మూడు మీటలనే తన కోసం లాగేసుకుంటోందేమోనని, కంప్యూటరు పెట్టగానే తమంతట తామే లేచే వాటిని ఒక్కొక్కటే ఆపి చూశాడు. అదీ కాదు. సాయంత్రానికి అతని కళ్ళు ఎర్రబడ్డాయి. నేను కాఫీ పోస్తూనే ఉన్నాను. "సెలవు తీసుకో బిర్గర్, నీ నడుం పట్టేస్తుంది" అన్నాను. "నడుం ఎప్పుడో పట్టేసింది వదినా, ఇప్పుడు మనసు పట్టేసింది" అన్నాడు.

మంగళవారం పదకొండింటికి వచ్చి ఈసారి దేన్నీ ముట్టుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

"మా స్టేషన్‌లో ఒక పద్ధతుండేది. ఏదైనా పడవ నుంచి మాట ఆగిపోతే ముందు యంత్రం విప్పేవాళ్ళం కాదు. ఆగడానికి ముందు వాళ్ళు ఏం చేశారు అని అడిగేవాళ్ళం. నేను బుద్ధిలేక ముందు విప్పాను. సరే. ఇది చివరిసారి ఎప్పుడు పలికింది?"

"గురువారం సాయంత్రం" అన్నాను.

"తరువాత?"

"పడుకునే ముందు అన్నీ ఆపేసి ప్లగ్గు తీశాను. రోజూ తీస్తాను, మంటలంటుకుంటాయని."

"గురువారం ఈ ఇంట్లో ఏం మారింది?"

"ఏముంది, పండగకి కడిగాను. అల్మరాలు లోపలా బయటా. కర్టెన్లు. ఆకుపచ్చ సబ్బుతో నేల. కంప్యూటరు అద్దం కూడా తుడిచాను."

"అద్దం తుడిస్తే మాట పోదు."

"పోదు" అన్నాను.

మీ నాన్న నన్నే చూస్తున్నాడు.

పన్నెండున్నరకి భోజనం పెట్టాను. చేపముద్ద, పాలతో చేసిన తెల్ల సాసు, చిదిమిన దుంపలు, ఆయనకి ఇష్టమని జాజికాయ గీరి వేశాను. బిర్గర్ మూడు రోజుల పని అలసటంతా పళ్ళెం మీద తీర్చుకున్నాడు. మూతి తుడుచుకుని, కుర్చీ జరిపి, "భోజనానికి థాంక్స్ వదినా, బాగా పెట్టావు" అన్నాడు. "ఒంటబట్టాలి" అన్నాను. అప్పుడు మీ నాన్న నోరు తెరిచాడు. తెరిచి మూశాడు. చేయి అలవాటుగా పక్కనున్న కీబోర్డు మీదికి పోయింది. మూడు మీటలూ పట్టుకుని నొక్కాడు, చాలాసేపు వదల్లేదు. ఏమీ రాలేదు. తరువాత లేచి తన పళ్ళెం తనే తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళి కొళాయి తిప్పి కడగడం మొదలుపెట్టాడు.

నువ్వు ఆయన్ని ఎప్పుడైనా పళ్ళెం కడగ్గా చూశావా? నేను చూళ్ళేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ వీపు ఆ తొట్టి దగ్గర ఎప్పుడూ చూళ్ళేదు. మాటతో చెప్పలేక అలా చెబుతున్నాడని నాకు అర్థమైంది.

రెండు కాగితాలు నిండాయి, నేను అసలు సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తాను. నువ్వు అక్కడ ఒక్కదానివే కూర్చుని చదువు.

అది ఆపింది నేనే.

ఆ ముందు బుధవారం ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. జనవరి 9న బోడోలో మళ్ళీ స్కానింగు, మందు ఎక్కించి లోపలంతా చూస్తారట. అది చదివిన దగ్గర్నుంచీ నేను నా ధోరణిలో పడ్డాను. పడవ ఆలస్యమైతే ఎట్లా, ఆ మందు ఆయనకి పడకపోతే ఎట్లా, వాళ్ళు ఏదైనా చూస్తే ఎట్లా. బుధవారమంతా అన్నాను. గురువారం పొద్దున కూడా అన్నాను. మీ నాన్న జి నొక్కాడు. "ఏం కాదులే, సోల్‌ఫ్రిడ్." నేను ఇంకో మాట అన్నాను. మళ్ళీ నొక్కాడు. "ఏం కాదులే, సోల్‌ఫ్రిడ్." నాలుగుసార్లు, తల్లీ. నాలుగుసార్లూ అదే సాగదీత, అదే చిన్న దగ్గు. మనిషి అన్నప్పుడైతే ఒకసారి విసుగ్గా, ఒకసారి మెత్తగా ఉంటుంది. ఇది ఒక్కలాగే ఉంటుంది. నేను బతికుండగానే నా నోరు మూయడానికి ఒక మీట పెట్టుకున్నాడు కదా అనిపించింది.

ఆయన కట్టెల కోసం బయటికి వెళ్ళాడు. నేను కంప్యూటరు తుడవడానికి కూర్చున్నాను. తెర మీద నీ పడవ ఫోటో, దాని మీద నువ్వు ఒక్కో మాటకి ఒకటి చొప్పున పెట్టిన ఇరవై రెండు చిన్న బొమ్మలు. పేకముక్కల ఆట ఆడీ ఆడీ దేన్నైనా పట్టుకుని జరపడం నాకు వచ్చు. ఆ "ఏం కాదులే" బొమ్మ పట్టుకుని మూలనున్న చెత్తబుట్టలో వేశాను. బుట్ట ఖాళీ కూడా చేశాను, చెత్త నిలవ ఉంచే అలవాటు లేదు కదా నాకు. చేశాక చూస్తే వరసలో ఆ చోటు ఊడిన పన్నులాగా కనిపిస్తోంది. వెంటనే తెలిసిపోతుంది. అందుకని మిగతా ఇరవై ఒకటీ కూడా ఒక్కొక్కటే జరిపి, ఫోటోలు పెట్టుకునే పసుపు ఫోల్డరులో సర్దేశాను. పండగకి సర్దానని చెప్పొచ్చు అనుకున్నాను. ఆయన మీటలే నొక్కుతాడు కదా, బొమ్మలతో ఏం పని అనుకున్నాను. ఆ సాయంత్రం టి పలికింది కూడా. మర్నాడు పొద్దున పెట్టేసరికి ఏదీ పలకలేదు.

అప్పుడే నాకు తెలుసు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా తెలుసు. ఆయన మాట మొత్తం బుట్టలో పోసి పారేశానేమో, ఇక ఎప్పటికీ రాదేమో అని భయం. చెబితే అది నిజమైపోతుందని నోరు విప్పలేదు. బిర్గర్ మీటలు తోముతుంటే కాఫీ పోస్తూ నిలబడ్డాను.

పళ్ళెం కడిగే ఆ వీపు చూశాక ఇక ఉండలేకపోయాను. తువ్వాలు కింద పెట్టి, "బిర్గర్, బొమ్మలు నేనే తీశాను" అన్నాను.

బిర్గర్ అర్థం కానట్టు చూశాడు. ఫోల్డరు చూపించాను. తెరిచాడు. చూశాడు. కుర్చీకి ఆనుకున్నాడు.

"వదినా, సోమవారమంతా నేను ఈ కీబోర్డు పళ్ళు తోముతుంటే నువ్వు నా వెనక నిలబడి చూశావా?"

"కాఫీ ఇచ్చాను కదా."

"ఇచ్చావు. పదకొండు కప్పులు. నిద్ర కూడా పట్టలేదు."

"అవి పోయాయా బిర్గర్? నిజం చెప్పు."

అతను ఇక హాస్యం ఆడలేదు. మీ నాన్నని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టి చెప్పాడు. "చర్చిలో గంట పైన ఉంటుంది, తాడు కింద వేలాడుతుంది. ఈ బొమ్మలు తాళ్ళు. రాన్‌వేగ్ గంటలన్నీ వేరే గదిలో భద్రంగా పెట్టింది. తాళ్ళు ఈ తెర మీద వేలాడుతుంటేనే మీటలకి అందుతాయి. నువ్వు చుట్ట చుట్టి బీరువాలో పెట్టావు, అందలేదు. అంతే. నువ్వు గంట పగలగొట్టలేదు."

ఒక్కొక్కటే మళ్ళీ తెర మీదికి లాగాడు. ఇరవై ఒకటి. మీ నాన్న కె నొక్కాడు. "కాఫీ ఉందా?" అని వంటిల్లంతా వినబడింది. బిర్గర్ "నాకొద్దు, దండం" అన్నాడు.

"ఇరవై రెండు కదా ఉండాలి, ఒకటి తగ్గింది" అన్నాడు తరువాత.

అప్పుడు మీ నాన్న ఎదురుగానే ఆ రెండో సంగతి కూడా చెప్పాను. చెత్తబుట్ట సంగతి. నాలుగుసార్లు నొక్కినందుకు కోపం వచ్చి పారేశానని చెప్పాను. ఆయన ముఖం చూడలేక బల్ల మీద గుడ్డ పెట్టి తుడిచిందే తుడిచాను.

మీ నాన్న పలక అందుకుని ఒక మాట రాశాడు. "చూశాను."

కట్టెలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూశాడట. అయిదు రోజులూ ఆయనకి తెలుసు. తెలిసి బిర్గర్‌కి చెప్పలేదు, నన్ను అడగలేదు. నేనే చెప్పాలని ఊరుకున్నాడో, నన్ను నలుగురిలో పెట్టడం ఇష్టం లేకో. నేను అడగలేదు.

ఆయన ఆ మాట తుడిచి మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. వేళ్ళు పట్టేస్తున్నాయి, మధ్యలో రెండుసార్లు ఆపి చేయి విదిలించుకున్నాడు. బిర్గర్ సాయం చేయబోతే తోసేశాడు. పలక నా వైపు తిప్పాడు.

"నీ నోరు మూయడానికి కాదు. భయమేసింది. నేను వినడానికి నొక్కుకున్నా."

చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, నా కళ్ళూ సరిగా లేవు. తల్లీ, యాభై ఒక్క ఏళ్ళు ఆ మనిషి నాకు ఏం కాదులే అని చెప్పాడు. తుఫానులో పడవ రానప్పుడు చెప్పాడు, నువ్వు పుట్టి ఏడవనప్పుడు చెప్పాడు, గొంతు తీసేయాలన్న రోజు కూడా చెప్పాడు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను ఒక్కసారైనా చెప్పలేదు. నాకు భయపడటానికే తీరలేదు. చివరికి ఆయన తన పాత గొంతు చేత తనకే చెప్పించుకుంటుంటే, నేను దాన్ని తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాను.

బిర్గర్ కుర్చీ కంప్యూటరు దగ్గరికి జరుపుకున్నాడు. "గంట ఉంది కదా. కొత్త తాడు కడదాం" అని, నువ్వు మాటలు దాచిన గదిలోకి వెళ్ళి దాన్ని వెతికి, కొత్త బొమ్మ చేసి తెర మీద పెట్టాడు. ఏ అక్షరం పెట్టమంటారు అంటే మీ నాన్న పాతదే చూపించాడు. "నొక్కి చూడు హాల్వర్" అన్నాడు బిర్గర్. మీ నాన్న కీబోర్డు నా వైపు జరిపాడు.

నేను ఆ మీటలు ఎప్పుడూ నొక్కలేదు. రెండు చేతులూ పెట్టి, కంట్రోలూ ఆల్టూ పట్టుకుని జి నొక్కాను. "ఏం కాదులే, సోల్‌ఫ్రిడ్" అంది పెట్టె. అందులో నా పేరుంది, ఏం చేస్తాం. నేను ఆయన వైపు తిరిగి, "ఏం కాదులే, హాల్వర్" అని నా నోటితో అన్నాను. ఆయన తల ఊపాడు.

ఇప్పుడు ఆ మీట ఎవరికి భయమేస్తే వాళ్ళు నొక్కుతున్నాం. నిన్న నేను మూడుసార్లు, ఆయన ఒకసారి. భోజనమయ్యాక టి పలకగానే నేను ఆయన వైపు తిరిగి "ఒంటబట్టాలి" అంటున్నాను. యంత్రానికి చెప్పినట్టు అనిపించడం లేదు. ఆ కుర్చీ కిర్రుమనే చప్పుడు వినబడగానే నువ్వు దుప్పట్లు కట్టిన ఆ మధ్యాహ్నం గుర్తొస్తోంది. ఆ చప్పుడు కత్తిరించకుండా ఉంచిన నీ చేతులు చల్లగా ఉండాలి.

బిర్గర్‌కి ఏమిచ్చినా తీసుకోడు. బాగా వచ్చిన నాలుగు రకాలూ ఒక డబ్బాలో పెట్టి ఇచ్చాను, క్రిస్మస్ రాత్రి భోజనానికి మన ఇంటికే రమ్మన్నాను. "కంప్యూటరు సర్దనని మాటిస్తే వస్తాను" అన్నాడు. ఇచ్చాను. తెర మీది బొమ్మలు దుమ్ముపట్టినా సరే, ముట్టుకోను.

నువ్వు కోప్పడితే కోప్పడు, కానీ ఆదివారం ఫోన్‌లో మాత్రం వద్దు, మీ నాన్న వింటాడు. కాగితం మీద కోప్పడు. అక్కడ మీ వాళ్ళు తిని లేచి థాంక్స్ చెప్పినప్పుడు పని తొందరలో వెనక్కి తిరిగి ఊరుకోకు. పదిహేడుమందికీ వినబడేలా "ఒంటబట్టాలి" అను. గాలి రోజుల్లో ఆ తాడు రెండు చేతులతో పట్టుకో. జనవరి 9 సాయంత్రం బోడో నుంచే ఫోన్ చేస్తాం, నేను అప్పుడు ఏం చెప్పినా నిజమే చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న మాటని అయిదు రోజులు బీరువాలో పెట్టిన
మీ అమ్మ,
సోల్‌ఫ్రిడ్.

తా.క. కవరు అంటించే ముందు లేచి వెళ్ళి పొయ్యి మళ్ళీ చూశాను. కట్టేసే ఉంది. నేను వెనక్కి వచ్చేలోపు బెంచీ దగ్గర్నుంచి మీ నాన్న జి నొక్కాడు. కోపం రాలేదు. పక్కన కూర్చున్నాను.